కొద్ది ఖర్చుతో కాగితపు అలంకారములు

సంక్రాంతి వెళ్ళిన మరునాడు బజారునకు పోయి చూచిన వారికి ఒక వింత కనబడును. నాలుగు దినముల క్రిందట దుకాణముల ముంగిట గుత్తులు గుత్తులుగా వ్రేలాడిన గాలిపటములు, దస్తాలకొలది రంగు కాగితములు ఒక మూలకు చేరి యుండును. అడిగిన వారికి దుకాణదారు తగ్గింపు ధరకు సంతోషముగా ఇచ్చివేయును. జనవరి మాసము సగము గడచిన పిదప క్యాలెండర్లకు, డైరీలకు పట్టు గతియు ఇంతియే. పండుగకు ముందు అవి గిరాకి గల సరకులు; పండుగ దాటినచో వట్టి కాగితములు. ఇంటిని అలంకరించుకొనదలచిన వారికి ఆ వట్టి కాగితములే చాలును.

డబ్బు చాలదని అలంకారములకు వెనుకాడు గృహిణులు మనలో పెక్కుమంది కలరు. బొమ్మల కొలువునకు, వినాయక చవితికి, పిల్లవాని పుట్టినరోజునకు, పెండ్లి ముంగిటి తోరణమునకు ఏమేమో కొనవలెనని తలచి, కొనలేక, పిలువవలసిన నలుగురిని పిలువక ఊరకుందురు. నా చిన్నతనమున మా యింట అట్టి సంవత్సర మొకటి గడచినది. ఆ ముచ్చట మొదట చెప్పి, పిదప పనిచేయు విధానము చెప్పెదను.

మాది గోదావరి ఒడ్డున ఒక చిన్న పట్టణము. సంక్రాంతికి మూడు దినములు బొమ్మల కొలువు తీర్చుట మా యింటి ఆచారము. ఒక ఏడు నాన్నగారికి ఉద్యోగము పోయినది. పండుగకు బియ్యము, బెల్లము సమకూడుటయే గగనమైనది. ఆ ఏటికి కొలువు లేదనుకొంటిని. అమ్మ మానలేదు. అంతకు ముందటి పండుగ వెళ్ళినాక చవకగా కొని, ట్రంకుపెట్టెలో వేపాకు నడుమ దాచిన గాలిపటపు కాగితములను వెలికి తీసెను. పచారీ కొట్టువారు ఊరక ఇచ్చిన పాత క్యాలెండర్లను తీసెను. రెండు రాత్రులు దీపము ముందర కూర్చుండి, పూలు, గొలుసులు చేసి, చెక్కపెట్టెలతో కట్టిన ఐదు మెట్లకును చుట్టెను.

పేరంటమునకు పిలిచి వచ్చుట నా పని. వీధి చివరి పెద్ద యింటిలో పట్నము నుండి తెప్పించిన జరీ తోరణములను, రంగురంగుల దీపములను చూచి వచ్చిన నాకు మా కాగితపు పూలు చిన్నతనముగా తోచినవి. ఆ ఇల్లు ఒక్కటి విడిచి, తక్కిన యిండ్లన్నిటికిని పోయి బొట్టుపెట్టి వచ్చితిని. అమ్మ కనిపెట్టెను. కోపపడలేదు.

"కాగితాలు చూడ్డానికి ఎవరూ రారమ్మా. పిలిచామని వస్తారు. వెళ్ళి మామ్మగారికి బొట్టుపెట్టి రా" అనెను.

మామ్మగారు వచ్చిరి. గంధపు రంగు నేతచీర కట్టుకొని వచ్చిరి. పన్నీరు చిలుకరించునప్పుడు కొన్ని చుక్కలు పై తోరణము మీద పడెను. ఎర్ర కాగితము రంగు విడిచెను. ఆ రంగునీరు బొట్లుబొట్లుగా ఆమె భుజము మీదికి జారెను. అమ్మ ముఖము వెలవెలబోయినది. నేను తలుపు చాటునకు పోతిని. మామ్మగారు భుజము చూచుకొని, "వసంతాలు పెళ్ళిళ్ళలో ఆడతారు గానీ పేరంటంలోనా అమ్మాయీ!" అని నవ్విరి. అక్కడితో ఆగక, తోరణమును దగ్గరగా చూచి, పువ్వు ఎట్లు చేసినదియు అడిగి తెలిసికొని, మరునాడు మనుమరాలిని నేర్చుకొనుటకు పంపిరి.

ఆ చీర మరక మాత్రము పూర్తిగా పోలేదని పిదప తెలిసినది. అమ్మ ఆ సంగతి చాలకాలము తలచుకొని నొచ్చుకొనెడిది. ఆ నాటి నుండి మా యింట ఒక నియమ మేర్పడినది. తడివ్రేలితో రుద్ది చూడనిదే రంగు కాగితము కొనరాదు.

తగ్గింపు ధరకు వచ్చు సరకు ఎందుకు తగ్గినదో తెలిసికొని కొనవలెను. పండుగ వెళ్ళినందున తగ్గినచో మనకు లాభము. చెడిపోయినందున తగ్గినచో నష్టము. పరీక్షలు నాలుగు. మొదటిది తడివ్రేలి పరీక్ష. వ్రేలికి రంగు అంటినచో ఆ కాగితమును నీరు, పన్నీరు, చెమట తగులని ఎత్తులో, గోడపట్టున మాత్రమే వాడవలెను. రెండవది, కట్టలో పైదానిని, నడుమ దానిని తీసి ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. ఎండ తగిలి పైవి వెలిసియుండిన యెడల రంగులో తేడా తెలియును. మూడవది, ఒక మూలను మడిచి గోటితో నొక్కి, తిరిగి విప్పి మరల మడువవలెను. మడత వద్ద చిట్లినచో ఆ కాగితము పెళుసెక్కినది. నాలుగవది, కట్ట అంచు వ్రేళ్ళతో విసరి చూడవలెను. తేమకు అంటుకొనిన కాగితములు విడివడక ముద్దగా తిరుగును.

వీనికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. బజారునకు పోవుటకు ముందే ఇంటిలో కొలత తీసికొనవలెను. గుమ్మము వెడల్పెంత, మెట్లు ఎన్ని, గోడ ఎన్ని అడుగులు అని వ్రాసికొని పోవలెను. చవకగా వచ్చెను గదా అని ఒకసారి నేను ముడతల కాగితము పెద్దకట్ట కొని తెచ్చితిని. సగము వాడకయే రెండు వర్షాకాలములు గడచి, బూజుపట్టి పోయినది. వాడని వస్తువు ఎంత తక్కువకు వచ్చినను దండుగయే.

కొనకయే దొరకు కాగితమును మరువరాదు. ఇంటికి వచ్చిన శుభలేఖల అట్ట గట్టిది, నున్ననిది. ముద్రణాలయములలో పుస్తకముల అంచులు కోయగా మిగిలిన పొడవైన ముక్కలు గోనెలకొలది పడియుండును. అడిగినచో తూకమునకు ఇత్తురు. గొలుసులకు అవి కత్తిరించి పెట్టినట్లే యుండును.

ఇక కాగితపు స్వభావము కొంత తెలియవలెను. సిర్పూరు మిల్లు వలన ఊరికే కాగజ్‌నగరమని పేరు వచ్చినది. రాజమహేంద్రవరమునను కాగితపు మిల్లు కలదు. ఇట్టి మిల్లులలో గుజ్జు యంత్రముపై పారి కాగితమగునప్పుడు, అందలి నారపోగులు చాలవరకు యంత్రము నడచు దిశనే పరుండును. అందుచేత ప్రతి కాగితమునకు ఒక వాలు ఏర్పడును. వాలు వెంట చింపినచో తిన్నగా చినుగును. అడ్డముగా చింపినచో వంకరపోవును. కాగితమును మడువక, మెల్లగా అటు నిటు వంచి చూడుడు. ఏ వైపు సులువుగా వంగునో ఆ వైపుననే మడతలు వేయవలెను. ఇది తెలియక వాలునకు అడ్డముగా మడిచినవారు, మడత చక్కగా రాలేదని కాగితమును నిందింతురు.

జిగురు ఇంటిలోనే కాచుకొనవచ్చును. ఒక వంతు మైదాపిండికి ఐదు వంతుల నీరు. ఆ నీటిలో కొంత తీసి, చల్లగా నున్నప్పుడే పిండిని ఉండలు లేకుండ కలుపవలెను. తక్కిన నీటిని మరిగించి, అందులో ఈ పిండిని పోయుచు, సన్నని సెగపై కలియబెట్టవలెను. తెల్లదనము తగ్గి నిగనిగలాడినప్పుడు దించవలెను. చిటికెడు పటిక పొడి కలిపినచో కొంత నిలువయుండును. పురుగు పట్టకుండ మైలుతుత్తము కలుపు అలవాటు కొందరికి కలదు. అది విషము. పిల్లలు చేయిపెట్టు జిగురులో దానిని కలుపరాదు. రెండు దినములకు సరిపడు జిగురును మాత్రమే కాచుకొనుట మేలు.

మొదట పూల తోరణము. 20 అంగుళముల వెడల్పు, 30 అంగుళముల పొడవు గల గాలిపటపు కాగితము నుండి 6 అంగుళముల పొడవు, 4 అంగుళముల వెడల్పు గల ముక్కలు 25 వచ్చును. ఎనిమిది ముక్కలను ఒకదానిపై నొకటి పేర్చి, 4 అంగుళముల ప్రక్కకు సమాంతరముగా అరంగుళపు మడతలను విసనకఱ్ఱ వలె ముందునకు, వెనుకకు వేయవలెను. నడుమ దారముతో బిగించి కట్టి, రెండు కొనలను గుండ్రముగా కత్తిరింపవలెను. పిదప ఒక్కొక్క పొరను మెల్లగా నడిమికి లాగి విప్పినచో నిండైన బంతిపువ్వు ఏర్పడును. తొందరపడినచో పొర చినుగును. నాలుగు కాగితములతో పండ్రెండు పూలు వచ్చి, నాలుగు ముక్కలు మిగులును. పండ్రెండు పూలను వరుసగా గ్రుచ్చినచో నాలుగడుగుల తోరణము. ఒక గుమ్మమునకు అది చాలును.

రెండవది క్యాలెండరు గొలుసు. 11 అంగుళముల వెడల్పు, 17 అంగుళముల పొడవు గల ఆకును, అంగుళము వెడల్పు, ఐదున్నర అంగుళముల పొడవు గల పట్టీలుగా కోసినచో 34 పట్టీలు వచ్చును. ఒక పట్టీని వలయముగా వంచి, కొనలను అరంగుళము మేర ఒకదానిపై నొకటి అతికి, అందులో రెండవ దానిని దూర్చి అతుకవలెను. రెండు ఆకులతో సుమారు పది అడుగుల గొలుసు వచ్చును. బొమ్మ ఉన్న ప్రక్క వెలుపలికి, అంకెల ప్రక్క లోపలికి ఉంచినచో, అది క్యాలెండరని దగ్గరకు వచ్చి చూచినగాని తెలియదు. ఈ పని ఐదేండ్ల పిల్లకును అప్పగింపవచ్చును.

మూడవది కాగితపు దీపము. 11 అంగుళముల పొడవు, 8 అంగుళముల వెడల్పు గల ఆకును పొడవునకు సరిగా నడిమికి మడిచి, మడత వైపు నుండి అరంగుళమున కొకటి చొప్పున కత్తిరింపులు వేయవలెను. విడి అంచునకు అంగుళము దూరమున కత్తెర ఆగవలెను. ఆకును విప్పి, గొట్టముగా చుట్టి, అంచులతికి, పైన పట్టీతో పిడి అమర్చినచో, నడుమ ఉబ్బి, జాలరు వలె నుండు దీప మగును. ఇది పేరునకే దీపము. ఇందులో ప్రమిదను గాని, కొవ్వొత్తిని గాని ఎన్నడును ఉంచరాదు. కాగితపు తోరణములు హారతి పళ్ళెమునకు, దీపపు సెమ్మెలకు చేరువ వ్రేలాడరాదు. వెలుగు కావలసినచో వేడి పుట్టని చిన్న బ్యాటరీ దీపము లోపల ఉంచుకొనవచ్చును.

వార్తాపత్రికను పై అలంకారమునకు వాడరాదు. అందలి చౌక గుజ్జులో కఱ్ఱకు సంబంధించిన లిగ్నిన్ అను పదార్థము మిగిలియుండును. గాలికి, ఎండకు అది పసుపువన్నెకు తిరిగి పెళుసెక్కును. అయితే దానికి వేరొక పని కలదు. చాటలకు, బుట్టలకు మెంతులు కలిపిన కాగితపు గుజ్జు పూయుట మన పెద్దలెరిగిన పనియే. చింపిన పత్రికలను రెండు మూడు దినములు నానబెట్టి, నీరు పిండి, నానిన మెంతులతో రుబ్బి, బోర్లించిన గిన్నెపై పలుచని బట్ట పరచి, ఆ గుజ్జును అరంగుళము మందమున అద్ది ఎండబెట్టినచో గట్టి బుట్ట యగును. మెంతుల జిగట గుజ్జును పట్టి నిలుపును. ఆ బుట్టలో గాజులు, దారపు ఉండలు పెట్టుకొనుడు, తినుబండారములు పెట్టవలదు. అచ్చుసిరా హానికరమగుటచే, పత్రికలలో ఆహారము చుట్టరాదని దేశపు ఆహార భద్రతా సంస్థ 2016లో హెచ్చరించినది.

నడుమ కొంతకాలము థర్మోకోలు అలంకారములు వచ్చి కాగితమును వెనుకకు నెట్టినవి. అది మట్టిలో కలియదు, నీటిలో కరగదు. 2022 జూలై 1 నుండి అలంకారములకు థర్మోకోలు వాడుట దేశమంతట నిషిద్ధమైనది. కాగితపు పని తెలిసినవారికి ఆ లోటు తెలియదు. తళుకుపొడి, ప్లాస్టిక్ పూత లేని కాగితమును ఎంచుకొనినచో, పండుగ తరువాత పనికిరాని వానిని పాతకాగితములవానికి వేయవచ్చును. వినాయకుని నిమజ్జనమునకు ముందు మాత్రము వానిని తప్పక విప్పి వేరుచేయవలెను.

అమ్మ ట్రంకుపెట్టె ఇప్పుడు నా యింట నున్నది. చెడని తోరణములను విప్పి, వేపాకు వేసి, అందులోనే దాచుచున్నాను. ఎర్ర కాగితమును రుద్దునప్పుడెల్ల ఆ గంధపు రంగు చీర తలపునకు వచ్చును. దానితోపాటు ఆ నవ్వును తలపునకు వచ్చును. నేను పిలుచుటకు సిగ్గుపడిన యింటి నుండియే ఆ నవ్వు మా గడపలోనికి వచ్చినది.

సోదరీమణులారా, సంక్రాంతి వెళ్ళిన మరునాడు బజారునకు పోవుడు. గుమ్మము కొలత వ్రాసికొని పోవుడు. పై యేటి కొలువునకు కావలసిన కాగితమును పరీక్షించి కొని దాచుడు. కొలువు తీర్చిన నాడు, పిలువవలసిన యిండ్లలో ఏ ఒక్కదానిని విడువకుడు.