సముద్రాలు దాటి వచ్చే మనుమలు

చిత్తూరు జిల్లా ఐరాల మండలం పేరు చెప్పగానే కాణిపాక వరసిద్ధి వినాయకుని సన్నిధి మనకు గుర్తుకు వస్తుంది. ఆ సన్నిధికి చుట్టుపట్ల నున్న పల్లెలలో మామిడి తోపులను, చెరకు మడులను నమ్ముకొని బ్రతికిన కుటుంబాల బిడ్డలు కొందరు నేడు అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్నారు. రెండేండ్లకో, మూడేండ్లకో ఒకసారి పసిపిల్లలను వెంటబెట్టుకొని వారు ఊరికి వస్తారు. దొరికే సెలవు తరచుగా మూడు వారాలకు మించదు. ఆ కొద్ది దినాల కొరకు ఇక్కడ అవ్వాతాతలు ఏండ్ల తరబడి ఎదురుచూస్తారు. ఆ దినాలు చేజారిపోకుండా గడుపుకొనుట ఎట్లా అన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

1960 మే నెలలో ఎయిర్ ఇండియా వారు బోయింగ్ 707 విమానాలను లండను మీదుగా న్యూయార్కుకు నడపసాగినారు. 2021 జనవరిలో అదే సంస్థ విమానం ఒకటి శాన్ ఫ్రాన్సిస్కోలో బయలుదేరి, ఎక్కడా ఆగక, ఉత్తర ధ్రువ ప్రాంతం మీదుగా సుమారు 17 గంటలలో బెంగుళూరు చేరినది. దానిని నడిపిన నలుగురు పైలట్లూ స్త్రీలే. ఈ విధంగా దూరం తగ్గినది. కాని పసివాని శరీరం మాత్రం ఆ వేగాన్ని అందుకొనజాలదు.

విమానం ఎంత ఎత్తున ఎగిరినా, లోపలి గాలి ఒత్తిడిని ఆరు నుండి ఎనిమిది వేల అడుగుల కొండమీది ఒత్తిడికి సమానంగా ఉంచుతారు. అనగా ఇంచుమించు ఉదకమండలంలో ఉన్నట్లే. విమానం దిగేటప్పుడు ఈ ఒత్తిడి మరల పెరుగుతుంది. చెవికిని గొంతుకకును నడుమనున్న నాళం పసివారిలో సన్ననిది. అందుచేత చెవిపోటు కలిగి గుక్కపట్టి ఏడుస్తారు. గుటక వేసినప్పుడు ఆ నాళం తెరచుకొంటుంది. కావున దిగుట ప్రారంభం కాగానే బిడ్డకు పాలు పట్టవలెను. కొంచెం పెద్దపిల్లలకు నీళ్ళు త్రాగించవలెను. లోపలి గాలిలో తేమ తక్కువ గనుక దారి పొడవునా నీళ్ళు ఇస్తూ ఉండుట మంచిది. బయలుదేరుటకు నెలన్నర ముందే వైద్యుని చూచి, వలసిన టీకాలు వేయించవలెను. పుట్టిన ఊరే కదా యని పెద్దలు ఉపేక్షింపవచ్చును. ఆ ఊరి నీరు బిడ్డకు మాత్రం కొత్త.

చెన్నైలోనో, బెంగుళూరులోనో విమానం దిగి, మరల కొన్ని గంటలు కారులో వచ్చి ఇల్లు చేరినంత మాత్రాన ప్రయాణం ముగియదు. వేసవిలో ఐరాలలో రాత్రి 2 గంటలైనప్పుడు న్యూయార్కులో ముందునాటి సాయంత్రం నాలుగున్నర. బిడ్డకు అది ఆటల వేళ, ఆకలి వేళ. మన పగలు అతనికి నిద్రవేళ. మనలోని ఈ లోపలి గడియారం సుమారు రోజుకొక గంట చొప్పుననే సర్దుకొంటుంది. సరిగా కుదుటపడుటకు వారం, పది దినాలు పట్టవచ్చును.

సరిగా ఈ వారంలోనే మనం తొందరపడతాము. వచ్చిన మరునాడే కాణిపాకం, ఆపై తిరుమల, ఆపై బంధువుల యిండ్లు. నిద్రలేని బిడ్డను ఒకరి చేతినుండి మరొకరి చేతికి అందిస్తాము. వాడు బెదరి తల్లిని కరచుకొంటే, మనవాడు మన దగ్గరకు రాడాయెనని అవ్వ మనసు నొచ్చుకొంటుంది. ఆ ఏడుపులో అయిష్టం లేదు. ఉన్నది అలసట మాత్రమే.

కావున మొదటి వారాన్ని ఇంటికే కేటాయింపవలెను. ఉదయం వెలుతురు ఈ గడియారాన్ని దిద్దుటలో ముఖ్యమైనది. పొద్దున్నే పిల్లలను ముంగిట ఆడుకొననిండు. కాచి చల్లార్చిన నీళ్ళే ఇండు. రాగిసంగటి రుచి మెల్లమెల్లగా చూపవచ్చును. నడిరాత్రి బిడ్డ మేలుకొన్నప్పుడు తల్లిదండ్రులను నిద్రపోనిచ్చి, అవ్వో తాతో దగ్గర కూర్చొనుట మేలు. పగలు పదిమంది నడుమ చేరరాని బిడ్డ, ఆ నిశ్శబ్ద వేళలో ఒక్క కథకు, ఒక్క పాటకు దగ్గరగా జరుగుతాడు. మరునాడు మొదటి తెలుగు మాట పలికినా పలుకుతాడు. దేవుని దర్శనం రెండవ వారంలోనైనా దొరుకుతుంది. బిడ్డకు మనయందు కలుగవలసిన చనువు మాత్రం తొందరపెడితే దొరకదు.