చికాగోకు ఏ దారిని పోవలయును?



నేను 34 సంవత్సరములు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడనుగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. విమానయానమును గూర్చి ప్రసంగించుటకు నీకేమి యధికారమున్నదని మీరడిగినచో, పుష్పకవిమానమును గూర్చి చాల మారులు పాఠము చెప్పితినని మాత్రమే చెప్పగలను. పుష్పకమునకు ఒక గొప్ప గుణము కలదు. ఎక్కినవాడు తలచిన చోటికి అది నేరుగ పోవును. నడుమ దిగి, సామాను వెదకికొని, మఱియొక విమానమునకై పరుగెత్తవలసిన యగత్యము లేదు. నేటి విమానములకు ఆ గుణము లేకపోవుటచేతనే నాకీ ప్రసంగము చేయవలసి వచ్చినది.

నేనును నా భార్యయు 2018లో నొకసారి, 2025లో నొకసారి హైదరాబాదునుండి అమెరికాలోని చికాగో నగరమునకు పోయి వచ్చితిమి. రెండు ప్రయాణములును మా యమ్మాయి పురుళ్ల కొఱకే. మన సంప్రదాయమున తొలికాన్పు పుట్టింట జరుగవలెను. ఆమె రాలేకపోయినది గావున పుట్టిల్లే ఆమె యొద్దకు పోవలసివచ్చినది. టిక్కెట్లు తానే కొని పంపెదనని అల్లుడు వ్రాసెను. నేను వలదంటిని. పింఛను పుచ్చుకొను బడిపంతులుకు అభిమానము మెండు.

మొదటిసారి నేను చూచినది ధర యొక్కటే. హైదరాబాదునుండి పశ్చిమాసియాలోని యొక నగరమునకు ఒక కంపెనీ టిక్కెట్టును, అచ్చటినుండి చికాగోకు వేఱొక కంపెనీ టిక్కెట్టును విడివిడిగా కొన్నచో ఇద్దఱికి కలిపి 38,000 రూపాయలు తగ్గుచున్నవి. రెండు విమానములకు నడుమ రెండు గంటల పది నిమిషముల వ్యవధి. విజయవాడ స్టేషనులో బండి మారుటకు అరగంట చాలును గదా, ఇచ్చట రెండు గంటలకు పైగా నున్నదని మురిసితిని.

మా తొలి విమానము గంటన్నర ఆలస్యముగా దిగినది. అంతమాత్రమే యైనచో పరుగెత్తి రెండవదాని నందుకొనియుందుమేమో. కాని టిక్కెట్లు వేఱగుటచేత మా పెట్టెలు ఆ యూరివఱకే వచ్చినవి. వానిని మేమే తీసికొని రెండవ కంపెనీవారికి అప్పగింపవలయును. పెట్టెలున్న చోటికి పోవలయునన్న ఆ దేశములో ప్రవేశింపవలయును. ప్రవేశించుటకు ఆ దేశపు వీసా కావలయును. అది మాకు లేదు. మేమీ చిక్కులో నుండగనే చికాగో విమానము వెడలిపోయినది. సకాలమునకు రానివారి టిక్కెట్టు చెల్లదని రెండవ కంపెనీవారనిరి. మిమ్ము ఈ యూరు చేర్చుటయే మా పని, చేర్చితిమి గదా యని మొదటి కంపెనీవారనిరి. నిష్పక్షపాతముగా చెప్పవలయునన్న ఇద్దఱి మాటయు సరియైనదే. ఆ రెండు టిక్కెట్లకు నడుమనున్న రెండు గంటల పది నిమిషములకు పూచీ వహించినవాడను నేనొక్కడనే.

నా భార్యకు మధుమేహము. ఆమె ఇన్సులిన్ పెట్టెలో నుండిపోయినది. 26 గంటలు ఆ విమానాశ్రయపు కుర్చీలలో గడపితిమి. అచ్చటి వైద్యశాలలో నొక వైద్యురాలు దయతలచి మందిచ్చినది గనుక గండము గడచినది. మిగిలినదనుకొన్న సొమ్మునకు నాలుగింతలు వెచ్చించి క్రొత్త టిక్కెట్లు కొంటిని. మేమింకను ఆ కుర్చీలలో నుండగనే, మనుమరాలు పుట్టినదని అల్లుడు ఫోనులో చెప్పెను. ఆ వార్త విని నా భార్య యేడ్చినది. సంతోషమువలన నేడ్చినదని చుట్టునున్నవారు అనుకొనిరి. నన్ను ఆమె యొక్క మాటయు అనలేదు. అదియే నాకు కష్టముగా నుండెను.

1830లో ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరి, 1831లో మరలివచ్చిరి. తమ కాశీయాత్రచరిత్రలో మజిలీ మజిలీకి నీళ్లున్నవా, అంగళ్లున్నవా, దిగుటకు చోటున్నదా యని వారు వ్రాసిపెట్టిరి. విద్యార్థిదశలో ఆ పుటలు నాకు విసుగు పుట్టించినవి. ఆ కుర్చీలో కూర్చుండి యుండగా వానిని తలచుకొంటిని. పెద్ద ప్రయాణమున ముందుగా విచారింపవలసినది మజిలీని గూర్చియేగాని, గమ్యమును గూర్చి కాదు.

2025లో అమ్మాయి మరల గర్భవతియని తెలిసినపుడు నేను ధరల జోలికి పోలేదు. నా పూర్వశిష్యుడొకడు సాంఘికశాస్త్రోపాధ్యాయుడు. వాని బడినుండి గ్లోబు నొకదానిని తెప్పించి, హైదరాబాదు మీద దారపు కొస నొకటి పట్టి, రెండవ కొసను చికాగోకు లాగితిని. గోడ మీది పటమును చూచువాడు ఈ దారి ఐరోపామీదుగ, అట్లాంటిక్ సముద్రము మీదుగ పడమటికి పోవుననుకొనును. దారమట్లు పోలేదు. బిగియలాగినకొలది ఉత్తరమునకు జరిగి, ధ్రువమునకు చేరువగ పోయి, అవతలి వైపునుండి చికాగోకు దిగినది. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లను లెక్కతో ఆ దారమును కొలిచిన సుమారు 13,300 కిలోమీటర్లు వచ్చినది. ఎయిరిండియావారు 2021లో హైదరాబాదునుండి చికాగోకు ఎచ్చటను దిగని విమానమును ప్రారంభించిరి గాని యది నిలువలేదు. నేను విచారించు నాటికి నడుమ నొకచోట దిగక తప్పదు.

దిగుచోట్లు మూడు తెఱగులు. ఒకటి, గల్ఫు దేశములు. ఎమిరేట్స్ వారిది దుబాయి, ఖతార్ ఎయిర్‌వేస్ వారిది దోహా, ఎతిహాద్ వారిది అబూధాబీ. రెండవది ఐరోపా. బ్రిటిష్ ఎయిర్‌వేస్ వారు లండనులోను, 2024నుండి హైదరాబాదునకు వచ్చుచున్న లుఫ్తాన్సావారు ఫ్రాంక్‌ఫర్టులోను దింపుదురు. మూడవది మన ఢిల్లీ, అచ్చటినుండి ఎయిరిండియా. గల్ఫు, ఐరోపా మార్గములను రెంటిని దారముతో కొలిచితిని. అబూధాబీ మీదుగ సుమారు 14,300 కిలోమీటర్లు, ఫ్రాంక్‌ఫర్టు మీదుగ సుమారు 14,100. ఇంత ప్రయాణములో రెండువందల కిలోమీటర్లొక లెక్క కాదు. దూరము సమానమే. కాని ఆ దూరమును విఱిచిన తీరు వేఱు. గల్ఫు మార్గమున మొదటిది నాలుగు గంటల ప్రయాణము, రెండవది పదునైదు గంటలు. ఐరోపా మార్గమున రెండును ఇంచుమించు తొమ్మిది, పది గంటలు. ఇడ్డెనను సగముగా విఱుచుటకును, కొస గిల్లుటకును ఎంత భేదమో అంత భేదమున్నది. పడుచువాడు నాలుగు గంటల ముక్కను త్వరగా ముగించి, పదునైదు గంటలు ముసుగుతన్ని నిద్రించును. వానికి గల్ఫు మార్గమే మేలు. మోకాళ్ల నొప్పులున్న మా వంటివారికి పదునైదు గంటలు కూర్చుండుట సామాన్యము కాదు. కదలక కూర్చున్నచో కాళ్లలో నెత్తురు గడ్డకట్టు ప్రమాదము కలదని వైద్యులు చెప్పుదురు. సరిగా నడిమధ్యన నేలమీద దిగి నాలుగడుగులు వేయుట మాకు కావలసినది.

అబూధాబీకి ఒక విశేషము కలదు, అది మఱువరాదు. 2014నుండి అచ్చటి విమానాశ్రయములోనే అమెరికా యధికారులు పాస్‌పోర్టు పరీక్షించి ప్రవేశానుమతి నిచ్చుచున్నారు. అమెరికాలో దిగిన పిమ్మట పెట్టెలు తీసికొని బయటికి పోవుటయే. ఆ దేశములో దిగి మరల చిన్న యూరికి విమానము మారవలసినవారికి ఇది గొప్ప యుపకారము. ఏలయన, తక్కిన మార్గములలో వచ్చినవారు అమెరికాలో మొట్టమొదట దిగినచోటనే వరుసలో నిలిచి, పెట్టెలు తీసికొని, సుంకపుశాల దాటి, వానిని మరల అప్పగింపవలయును. మా గమ్యము చికాగోయే గావున ఆ లాభము మాకు స్వల్పము.

ఆకాశము అందఱిదనుట కావ్యములలోని మాట. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాను తన గగనతలమును మన విమానములకు మూసివేయగా, ఢిల్లీనుండి అమెరికాకు పోవు ఎయిరిండియా విమానములు కొన్ని వియన్నా వంటి నగరములలో ఇంధనమునకై దిగవలసివచ్చెను. అదే సంవత్సరము జూన్ 23న ఖతారు తన యాకాశమును కొన్ని గంటలు మూసివేసినపుడు దోహాకు పోవు విమానములు దారి మరలినవి. ఆ కంపెనీలయందు దోషము లేదు. అయినను టిక్కెట్టు కొనుటకు ముందు వారము దినములు వార్తాపత్రికను శ్రద్ధగా చదువుట మంచిది. వీసా సంగతియు అట్టిదే. కొన్ని దేశములవారు తమ విమానాశ్రయమున మారిపోవు భారతీయులను కూడ ముందుగా అనుమతి పొందుడందురు. ఫ్రాంక్‌ఫర్టున, చెల్లుబాటగు అమెరికా వీసా గలవారికి ఆ బాధ లేదు.

కావున ఫ్రాంక్‌ఫర్టు మార్గమును నిశ్చయించితిని. అన్నిటికంటె చవుకగా దొరకిన దానికంటె ఇద్దఱికి 31,000 రూపాయలెక్కువ. ఈసారి ప్రయాణమంతయు ఒక్కటే టిక్కెట్టు. అట్లున్నచో తొలి విమానము ఆలస్యమై రెండవది తప్పిపోయినను, వేఱొక విమానమున నెక్కించు భారము వారిది. పెట్టెలును హైదరాబాదులో కట్టిన చీటీతోనే చికాగో చేరును. దళారుల జాలస్థలములలో నాలుగైదు వందలు తగ్గుచుండినను, కంపెనీవారి యొద్దనే కొంటిని. వేళలు మారినపుడు దళారి కంపెనీని చూపును, కంపెనీ దళారిని చూపును. ఇంకొక సంగతి: టిక్కెట్టు మీద నొక కంపెనీ పేరుండి, నడపువారు మఱియొకరై యుందురు. నడపువారెవరో చిన్న యక్షరములలో వ్రాసియుందురు. కన్నద్దములు పెట్టుకొని చదువవలయును.

విమానముల జాతులను గూర్చియు కొంత తెలిసికొంటిని. బోయింగు 787లోను, ఎయిర్‌బస్ 350లోను లోపలి గాలి సుమారు 6,000 అడుగుల కొండమీది గాలికి సమానముగా నుంచుదురు. పాత విమానములలో అది 8,000 అడుగుల వఱకు పోవును. అందువలన క్రొత్తవానిలో ఆయాసము కొంత తక్కువ. ఇది తెలిసినంతమాత్రమున మనకు కావలసిన విమానమే దొరకునని కాదు. నడవ ప్రక్క కుర్చీ మాత్రము అడిగిన దొరకును. వీల్‌చైరును టిక్కెట్టు కొన్ననాడే కోరవచ్చును, దానికి రుసుము లేదు. శాకాహారమును ముందుగానే చెప్పియుంచవలయును. ఎక్కిన తరువాత అడిగినవారికి రొట్టెయు నవ్వును దొరకును.

ఇక ముహూర్తము. టిక్కెట్టు మీద బుధవారము తెల్లవారుజాము రెండు గంటల ప్రాంతమని యున్నది. నా భార్య దానిని చూచి, "ఏమండీ, ఇది మంగళవారం ప్రయాణం కదా?" అన్నది. బుధవారమని స్పష్టముగా నచ్చువేసియున్నది గదా యంటిని. "సూర్యోదయం అయితేనే వారం మారుతుందని మీరే కదా చెప్తారు?" అన్నది. నలుబది సంవత్సరములు పంచాంగము చదివి వినిపించినందులకు నాకు దొరకిన ప్రతిఫలమిది. ఆమె చెప్పినదే శాస్త్రము. పాశ్చాత్యుల దినము అర్ధరాత్రమున మొదలగును. ఈ భేదము నెఱుగని నా మిత్రుడొకడు బుధవారము రాత్రి విమానాశ్రయమునకు పోయి, తన విమానము ముందునాటి రాత్రియే వెడలిపోయినదని తెలిసికొని తిరిగివచ్చెను. మేము మాత్రము సోమవారమునాడే ఒక సంచిని పొరుగింట ప్రస్థానముంచి, మంగళవారము రాత్రి శంషాబాదునకు బయలుదేరితిమి.

ఆ ప్రయాణమున చెప్పదగినంత విశేషమేదియు జరుగలేదు. ఇన్సులిన్‌ను, వైద్యుని చీటీని చిన్న సంచిలో పెట్టి నా మెడకే తగిలించుకొంటిని. నిద్రలో కూడ తీయలేదు. మందు వేళలను ఏ గడియారమును బట్టి మార్చవలయునో వైద్యునిచేత ముందే కాగితముమీద వ్రాయించితిని. ఫ్రాంక్‌ఫర్టులో నాలుగు గంటలు దొరకినవి. నా భార్య వీల్‌చైరునుండి లేచి, అద్దములగోడ వెంబడి మెల్లగా ఈ కొసనుండి ఆ కొసకు మూడుసారులు నడచినది. రెండవ విమానమునకు పిలుపు వచ్చువఱకు మేము గడియారమువంక చూడనే లేదు. చికాగోలో పాస్‌పోర్టు వరుస గంటకు మించి పట్టినది. పెట్టెలు నాలుగును వచ్చినవి. ఆవకాయ జాడీ చెక్కుచెదరలేదు.

తొమ్మిదవనాడు అమ్మాయి ప్రసవించినది. నా భార్య ఆమె చేయి పట్టుకొని ప్రక్కనే యున్నది. నేను ఇంటియొద్ద, పుట్టినపుడు చూడలేకపోయిన ఆ యేడేండ్ల మనుమరాలికి అన్నము కలిపి పెట్టుచుంటిని.