రసాయన శాస్త్రానికి ఇంటి భాష అండ

హోసూరు ప్రాంత తల్లిదండ్రులారా, విద్యార్థులారా!

1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం మాతృభాషా బోధనను ప్రాథమిక దశకే పేర్కొన్నది. పదవ తరగతి రసాయన శాస్త్రం వద్ద మన పిల్లలకు ఇల్లే అండ.

తమిళ పాఠంలో ‘అణు’ అంటే మన పరమాణువు. మన అణువు వారికి ‘మూలక్కూఱు’. ‘కారం’ అంటే మిరపపొడి కాదు, క్షారం. పునశ్చరణలో ముందుగా ఈ మాటలను విడదీయండి. ఆమ్లము, క్షారము కలిస్తే లవణము, నీరు ఏర్పడతాయని తెలుగులో చెప్పించండి. 2 హైడ్రోజన్ అణువులు, 1 ఆక్సిజన్ అణువు కలిస్తే 2 నీటి అణువులు. ఇరువైపులా పరమాణువులను లెక్కింపజేయండి. అర్థమైన పిదప పరీక్ష భాషలో వ్రాయించండి.

ఉన్నత పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కోసం విజ్ఞాపనలు సమర్పిస్తూనే ఉందాం. పరీక్ష మాత్రం వాటి కోసం ఆగదు.