దెయ్యాల చిరుతిండ్లు: పిల్లలతో చేస్తూ మేం నేర్చుకున్నది

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామైక్య సంఘం తరఫున చేసిన ప్రసంగం)



మా పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ లెక్కలు ఈ పుస్తకంలోనే వేరే పేజీల్లో ఉన్నాయి. అవి మళ్లీ చదవం. ఈ ఏడు మేం చేసిన ఒక చిన్న పని గురించి చెప్తాం. వింటే నవ్వొస్తుంది. మేం దెయ్యాలు చేశాం. తినే దెయ్యాలు.

అక్టోబరు మొదట్లో పట్నంలోని ఒక బడి నుంచి ఆర్డరు వచ్చింది. 31వ తేదీన హాలోవీన్ పండుగట, పిల్లలకు భయంకరంగా కనిపించే చిరుతిండ్లు కావాలన్నారు. సాలీడు, గబ్బిలం, దెయ్యం, మంత్రగత్తె ముఖాలతో ఉన్న బొమ్మలు ఫోన్‌లో పంపారు. డబ్బాకు 40 రూపాయల లెక్కన 120 డబ్బాలు. మీటింగులో ఆ ఫోను చేతులు మారింది. ఒక అక్క "గిదేం పండుగే, శుభమా అని దెయ్యాల బొమ్మలేంది?" అన్నది.

తెలుసుకుంటే మరీ అంత వింతగా లేదు. ఈ పండుగ ఐర్లాండు దేశం వైపుది. నవంబరు 1 వాళ్లకు పుణ్యాత్ములందరి పండుగ, 2వ తేదీ చనిపోయిన వాళ్లను తలుచుకునే రోజు. నవంబరు 1కి ముందు రాత్రి హాలోవీన్. ఐర్లాండులో టర్నిప్ దుంపలను తొలిచి, ముఖం చెక్కి, లోపల దీపం పెట్టేవాళ్లు. అక్కడి జనం అమెరికాకు వలస పోయాక గుమ్మడికాయ దొరికింది, దాన్ని చెక్కడం మొదలుపెట్టారు. పిల్లలు వేషాలు వేసుకొని ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు అడుగుతారు.

మనకు పెత్రమాస లేదా? పెద్దలను తలుచుకొని బియ్యం ఇస్తాం, ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ ఆడతాం. కాముని పున్నానికి పిల్లలు జాజిరి పాడుకుంటూ ఇల్లిల్లూ తిరిగి అడుక్కోరా? కొత్త ఇంటికి దిష్టి తగలకుండా గుమ్మడికాయకు కళ్లు, కోరలు దిద్ది కట్టమా? అది వాళ్ల పండుగ, మన పండుగ కాదు. కానీ పిల్లలకు భయపడడం, భయపెట్టడం ఎక్కడైనా ఆటే. ఆర్డరు తీసుకుందామని తీర్మానం రాసుకున్నాం.

దసరా సెలవుల్లో పిల్లలు ఇంటి దగ్గరే ఉన్నారు. ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పద్దెనిమిది మందిని ఒక ఆదివారం సంఘం భవనంలో కూర్చోబెట్టాం. ఒక మాట ఇక్కడే చెప్పాలి. పిల్లలు చేసినవి పిల్లలే తిన్నారు, ఒక్కటి కూడా అమ్మలేదు. ఆర్డరు డబ్బాలు తర్వాత మేమే చేశాం. పిల్లల చేతి పనితో సంఘం సంపాదించకూడదు.

ఏమేం చేశామో చెప్తాం, మీ ఊర్లలో కూడా చేసుకోవచ్చు.

మొదటిది ఇడ్లీ దెయ్యం. చల్లారిన ఇడ్లీకి నల్ల నువ్వులతో కళ్లు, క్యారెట్ ముక్కతో నోరు. ఆరేళ్ల పిల్లలు కూడా చేయగలరు. సగానికి కోసిన అరటిపండును నిలబెట్టి కళ్లు పెడితే అదీ దెయ్యమే. నిమ్మరసం రాస్తే తొందరగా నల్లబడదు.

రెండోది రాగి లడ్డు సాలీడు. రాగి పిండిని నెయ్యిలో పచ్చి వాసన పోయేదాక వేయించి, బెల్లం తురుము కలిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడే లడ్డు కట్టాలి. రంగు వేయకుండానే నల్లగా ఉంటుంది. సన్న మురుకుల ముక్కలు అటు నాలుగు, ఇటు నాలుగు గుచ్చితే కాళ్లు. ఒక పిల్లగాడు ఆరు గుచ్చితే, పక్కనున్న పిల్ల "చీమకు ఆరు, సాలీడుకు ఎనిమిది" అని దిద్దింది. కాళ్లు ముందే గుచ్చి పెడితే మెత్తబడతాయి. మొదటి రోజు మాకు అట్లాగే అయింది. తినే ముందు గుచ్చాలి, ఆర్డరుకైతే కాళ్లు వేరే పొట్లంలో పెట్టి ఇవ్వాలి.

మూడోది గబ్బిలం అప్పాలు. బియ్యప్పిండి అప్పాల ముద్దను ఒత్తి, స్టీలు మూత అంచుతో రెండు రెక్కలు కోయాలి. పిల్లలు కోస్తారు, నూనెలో మనమే కాల్చాలి.

నాలుగోది సాలెగూడు సకినం. దాని గురించి చివర చెప్తాం.

జాగ్రత్తలు కూడా వినండి. రంగు పొడులు కొనలేదు. ఎరుపుకు బీట్‌రూట్ రసం, పచ్చకు పాలకూర, నలుపుకు రాగులు, నల్ల నువ్వులు. బట్టలకు వేసే రోడమిన్-బి రంగు కలుపుతున్నారని 2024లో తమిళనాడులో రంగు పీచుమిఠాయినే నిషేధించారు. పొయ్యి ఒక గదిలో, పిల్లలు ఇంకో గదిలో. బొమ్మలకు పుల్లలు, గుండుసూదులు, ప్లాస్టిక్ కళ్లు వాడొద్దు. ఐదేళ్ల లోపు పిల్లలకు పల్లీలు గింజలుగా పెట్టొద్దు, గొంతులో అడ్డం పడతాయి. పల్లీలు, నువ్వులు పడని పిల్లలుంటారు, తల్లిని ముందే అడగాలి. న్యూస్‌పేపర్లో కట్టివ్వొద్దు, ఆ సిరా తిండికి అంటుతుంది. అమ్మేవాళ్లు ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి.

ఇక లెక్క. 120 డబ్బాలకు వచ్చింది 4,800 రూపాయలు. సామాన్లకు 2,650, డబ్బాలకు 600, గ్యాసుకు 350, ఆటోకు 300. మొత్తం ఖర్చు 3,900. మిగిలింది 900. బాగానే ఉందనుకున్నాం. తర్వాత మా బుక్ కీపర్ అడిగింది, "ఆరుగురు రెండు రోజులు చేసిన్రు, మీ కూలి ఏది?" అని. పన్నెండు పని దినాలకు పంచితే మనిషికి రోజుకు 75 రూపాయలు. నాట్లకు పోయినా అంతకంటే ఎక్కువ వస్తుంది. అదే డబ్బా 55కు ఇచ్చి ఉంటే 2,700 మిగిలేది, రోజుకు 225 పడేది. ధర చెప్పే ముందు సామాన్ల లెక్కతో పాటు మన చేతి కూలి కూడా కాగితం మీద రాయాలి. ఆ బడి వాళ్లు డబ్బులు ఇవ్వడానికి నెల దాటించారు. ఇప్పుడు సగం అడ్వాన్సు లేనిదే పిండి నానబెట్టం.

ఇప్పుడు అసలు సంగతి.

ఫోన్‌లో వచ్చిన బొమ్మల్లో మంత్రగత్తె ముఖం ఉందని చెప్పాం కదా. వంకర ముక్కు, నెరిసిన జుట్టు, ముడతల ముఖం. ఆ బొమ్మ చూసి మీటింగులో అందరం నవ్వాం. గడప దగ్గర కూర్చున్న అవ్వ ఒక్కతే నవ్వలేదు.

ఆ అవ్వ మా సంఘంలో మొదటి నుంచి ఉంది. పొదుపు ఒక్క నెల తప్పలేదు. కానీ చాలా ఏండ్ల కింద ఒక వానకాలంలో వాడలో బర్రెలు వరుసగా చనిపోయాయి. అదే నెల ఒక పిల్లగానికి కామెర్లు వచ్చాయి. ఒంటరి మనిషి, ఎవరితో ఎక్కువ మాట్లాడదు. బాణామతి చేసిందన్నారు. ఎవరు మొదట అన్నారో ఇప్పుడు ఎవరూ చెప్పరు. అప్పటి నుంచి ఆమె ఇంట్లో ఎవరూ చాయ తాగరు. పిల్లలు ఆ గల్లీలో పరుగెత్తి పోతారు. సంక్రాంతికి, పెండ్లిళ్లకు సకినాలు పోయడానికి ఊర్లో అందరినీ పిలుస్తారు, ఆమెను పిలవరు.

అక్కలారా, ఎవరో అన్నారని చెప్పి మేం తప్పించుకోలేం. ఆమె ఇంట్లో చాయ తాగని వాళ్లలో మేమూ ఉన్నాం. ఒకే రిజిస్టరులో సంతకాలు చేశాం, ఒకే చాప మీద పక్కన కూర్చోలేదు.

బర్రెలు ఎందుకు చనిపోయాయో పశువుల డాక్టరు అప్పుడే చెప్పాడు. వానకాలంలో గొంతువాపు రోగం వస్తే ఒకటి రెండు రోజుల్లోనే పశువు పోతుంది, వానలకు ముందే టీకా వేయించాలి. కామెర్లు చెడ్డ నీళ్లతో వస్తాయి. ఈ రెండు మాటలు మాకు తెలుసు. తెలిసి కూడా ఆమె గడప తొక్కలేదు.

ఆ రోజు మీటింగులో మా కోశాధికారి లేచి, "మంత్రగత్తె బొమ్మ మనం చేయొద్దు" అన్నది. ఎందుకని ఎవరూ అడగలేదు. బడి వాళ్లకు ఫోన్ చేసి సాలీడు, గబ్బిలం, సాలెగూడు చేస్తాం, ముసలామె ముఖం చేయం అని చెప్పాం. వాళ్లు సరే అన్నారు.

సకినాల రోజు చిక్కు వచ్చింది. సాలెగూడు అంటే ముందు ఆకుల ఈనెల లాగ పిండి గీతలు వేసి, వాటి మీదుగా చుట్లు తిప్పాలి. కిలో బియ్యం రాత్రి నానబెట్టి, వడకట్టి, తడి పిండి పట్టించి, జల్లించి, నూట యాభై గ్రాముల నువ్వులు, రెండు చెంచాల వాము, ఉప్పు కలిపాం. మా చేతిలో గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. లావు ఉన్నచోట తడి ఆరక, నూనెలో టప్పుమని పేలాయి. రెండు వాయిలు పోయాయి. అప్పుడు ఒక పెద్దక్క మెల్లగా అన్నది, "ఊర్లో సకినం చెయ్యి అవ్వది. పిలుద్దామా?"

ఇద్దరం పోయి పిలిచాం. ఆమె వెంటనే రాలేదు. "ఇప్పుడు గుర్తొచ్చిన్నా?" అన్నది. మా దగ్గర జవాబు లేదు. తప్పయిందవ్వా అన్నాం. కొంచెం సేపు కూర్చొని, చేతులు కడుక్కొని వచ్చింది.

బట్ట పరిచి, పిండి చేతిలోకి తీసుకొని తిప్పుతుంటే పిల్లలు ఒక్కొక్కరే దగ్గరికి జరిగారు. దారం లాగ ఒకే సన్నం. ఏడేళ్ల పిల్ల ఒకతి మొహం మీదే అడిగింది, "అవ్వా, నువ్వు నిజంగ మంత్రాలు చేస్తవా?" మాకు గుండె ఆగినట్టయింది. అవ్వ చెయ్యి ఆపకుండానే, "మంత్రాలొస్తే ముందుగాల నా మోకాళ్ల నొప్పులు పోగొట్టుకోనా బిడ్డా?" అన్నది. పిల్లలు నవ్వారు. మాకు నవ్వు రాలేదు. ఆ పిల్లకు ఆ మాట ఎవరు నేర్పారు? మా ఇండ్లల్లోనే విన్నది.

సాయంత్రానికి పిల్లలందరూ ఆమె చుట్టూ కూర్చొని సాలెగూళ్లు చుట్టారు. ఆరబెట్టి మేం కాల్చాం, ఒక్కటి పేలలేదు. ఆర్డరు రోజు ఆరుగురిలో ఆమె ఒకతి. లెక్కలో ఆమె వాటా ఆమెకు ఇచ్చాం.

ఊరంతా మారిందని చెప్పం. ఈ సంక్రాంతికి రెండు ఇండ్ల వాళ్లు ఆమెను సకినాలకు పిలిచారు. చాలా ఇండ్ల వాళ్లు పిలవలేదు. పిలిచిన ఇంట్లో ఒక ముసలాయన తినకుండా లేచిపోయాడు. అయినా ఆ గల్లీలో పిల్లలు ఇప్పుడు పరుగెత్తడం లేదు.

దీని తర్వాత మా సంఘం మూడు తీర్మానాలు రాసుకుంది. మనిషికైనా పశువుకైనా రోగమొస్తే ముందు ఆసుపత్రికి పోవాలి. ఎవరి మీదైనా బాణామతి నింద పడితే అదే రోజు ఓబీలందరూ ఆమె ఇంటికి పోయి కూర్చోవాలి, ఆమె చేతి చాయ తాగాలి. బెదిరించినా, చెయ్యి చేసుకున్నా 100కు, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలి. బీహార్‌లో 1999లో, జార్ఖండ్‌లో 2001లో, ఒడిశాలో 2013లో ఆడవాళ్ల మీద ఇట్లాంటి నింద వేయడాన్ని నేరం చేస్తూ చట్టాలు తెచ్చారు. అన్ని చోట్లా ఆడవాళ్లు చావు దెబ్బలు తిన్నాకే ఆ చట్టాలు వచ్చాయి. మనం అంతదాకా ఆగొద్దు.

మీ ఊర్లలో కూడా గడప దగ్గర కూర్చునే సభ్యురాలు ఒకామె ఉంటుంది. ఇంటికి పోయాక రిజిస్టరు తీసి చూడండి. పేరు అందులోనే ఉంటుంది. వచ్చే మీటింగులో ఆమెను చాప మధ్యకు పిలవండి.

ఈ రోజు భోజనాల దగ్గర మీ విస్తర్లలో పెట్టిన సకినాలు ఆ అవ్వ పోసినవే. తిని, ఎట్లున్నాయో ఆమెకే చెప్పండి. ముందు వరుసలో కూర్చుంది.