దర్జీ దుకాణంలో పుట్టిన సంఘం
(ప్రసంగ పాఠం)



యుద్ధానికి పోయేటప్పుడు సైనికునికి పూలదండలు వేయడానికి పాలకులు పోటీ పడతారు. యుద్ధం అయిపోయినంక అతను ఏ మంచం పట్టాడో, ఏం తిని బతుకుతున్నాడో అడిగేవాళ్లు ఎందరు? అమెరికాలో ఈ ప్రశ్నలోంచే ‘వెటరన్స్ ఆఫ్ ఫారిన్ వార్స్’ అనే మాజీ సైనికుల సంఘం పుట్టింది. దాని చరిత్రను క్లుప్తంగా మీ ముందు పెడుతున్నాం.

1898లో అమెరికా స్పెయిన్‌తో యుద్ధానికి దిగింది. ఆ వెంటనే ఫిలిప్పీన్స్ ప్రజల స్వాతంత్ర్యాన్ని అణచడానికి మరో యుద్ధం చేసింది. ఆ దండయాత్రను మనం సమర్థించలేం. కానీ నిర్ణయం పాలకులది, ప్రాణాలు మామూలు ఇండ్ల పిల్లలవి. స్పెయిన్ యుద్ధంలో తూటాల కంటే జ్వరాలే ఎక్కువ మందిని మింగాయి. రోగాలతో తిరిగొచ్చినవాళ్లను సర్కారు సరిగా పట్టించుకోలేదు. 1899లో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో 13 మంది ఒక దర్జీ దుకాణంలో కూర్చుని సంఘం పెట్టుకున్నారు. అదే ఏడాది డెన్వర్‌లోనూ మరో సంఘం లేచింది. ఇవన్నీ కలిసిపోయి 1914లో ఇప్పటి పేరు పెట్టుకున్నాయి.

ఈ సంఘానికి ఊరూరా శాఖలున్నాయి. వాటిని ‘పోస్టు’లంటారు. పింఛను దరఖాస్తు నింపడం దగ్గర నుంచి చనిపోయినవారికి గౌరవంగా వీడ్కోలు పలకడం దాకా పోస్టు తోడుంటుంది. 1922 నుంచి కాగితపు ఎర్ర పువ్వులిచ్చి చందాలు పోగు చేస్తున్నారు. ఆ పూలను చేసేది అవసరంలో ఉన్న, వైకల్యం పొందిన మాజీ సైనికులే. 1925లో మిషిగన్ రాష్ట్రంలో సైనికుల పిల్లల కోసం ఒక ఆశ్రయాన్ని నెలకొల్పారు.

ఇక హక్కుల సంగతి. మొదటి ప్రపంచ యుద్ధ సైనికులకు 1924లో బోనస్ చట్టం చేశారు. కానీ ఎక్కువ మందికి డబ్బు ముట్టేది 1945లోనట! ఆర్థిక మాంద్యంలో పనిపోయి, ఆకలికి తాళలేక 1932లో వేలాది మంది వాషింగ్టన్‌లో గుడిసెలు వేసుకుని కూర్చున్నారు. జూలై 28న పోలీసు కాల్పుల్లో ఇద్దరు మాజీ సైనికులు నేలకొరిగారు. అదే రోజు సొంత దేశ సైన్యమే వాళ్లను తరిమింది. ఈ సంఘం మాత్రం డబ్బు వెంటనే ఇవ్వాలన్న డిమాండును వదల్లేదు. చివరికి 1936లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ వీటోను తోసిరాజని కాంగ్రెస్ చెల్లింపుకు ఒప్పుకుంది.

ఆ అనుభవం వృథా పోలేదు. 1944లో వచ్చిన ‘జి.ఐ. బిల్లు’ సైనికులకు చదువు, ఇంటి రుణం హామీ ఇచ్చింది. దాని ముసాయిదా రాసింది అమెరికన్ లీజియన్ అనే మరో సంఘం. 1956 నాటికి దాదాపు 78 లక్షల మంది దానితో చదువో, శిక్షణో పొందారు.

అయితే ఒక చేదు నిజం కూడా చెప్పుకోవాలి. చట్టంలో రంగు తేడా రాయలేదు. అమలు మాత్రం స్థానిక బ్యాంకుల, కాలేజీల చేతిలో పడింది. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి సైనికులకు ఆ తలుపులు చాలావరకు మూసుకుపోయాయి. ఒకే యుద్ధంలో పోరాడినవాళ్లలో కొందరికి ఇల్లు దక్కింది, కొందరికి కాగితమే మిగిలింది.

విద్యార్థి మిత్రులు, ఉద్యోగ సోదరులు గమనించవలసింది ఇదే. కొట్లాడితే చట్టం వస్తుంది. అది ఆఖరి మనిషి గడప దాకా చేరిందా లేదా అని చూడటం కూడా సంఘం పనే. అక్కడ కాపలా సడలితే గెలిచిన హక్కు కొందరి సొత్తవుతుంది.