సిజేరియన్ తర్వాత నొప్పి: మత్తుమందు తగ్గించే మార్గం



ఢిల్లీ ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్లలోని తెలుగు ఇంట్లోనైనా, కరీంనగర్ దగ్గరి పల్లెలోనైనా 'పెద్దాపరేషన్ కాన్పు' అనే మాట వినని వారుండరు. సిజేరియన్‌నే అలా అంటాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇలా జరిగిన కాన్పులు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, దేశం మొత్తం మీద 21.5 శాతం. కనుక ఈ కోత నొప్పి మన ఇంటి విషయమే.

నల్లమందు నుంచి తీసే మార్ఫిన్‌నూ, దానిలాగే పనిచేసే ట్రమడాల్ వంటి మందులనూ ఓపియాయిడ్లు అంటారు. ఇవి మెదడులోనూ, వెన్నుపాములోనూ నొప్పి సంకేతాలను అణుస్తాయి. కాని వాంతులు, మలబద్ధకం, మగత కలిగిస్తాయి. మోతాదు మించితే శ్వాస మందగిస్తుంది. తల్లిపాల ద్వారా బిడ్డకూ చేరతాయి. అందుకే పాలిచ్చే తల్లులు కోడీన్, ట్రమడాల్ వాడరాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో హెచ్చరించింది.

మరి తల్లి నొప్పిని ఓర్చుకోవలసిందేనా? అక్కరలేదు. నొప్పికి దారులు అనేకం. ఒక్కొక్క దారిని ఒక్కొక్క మందు మూస్తుంది. కోసినచోట ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పుట్టి నొప్పిని, వాపును పెంచుతాయి. ఇబుప్రోఫెన్ వాటి తయారీని ఆపుతుంది. పారాసిటమాల్ వేరే విధంగా పనిచేస్తుంది. రెండూ కలిస్తే ఓపియాయిడ్ అవసరం బాగా తగ్గుతుంది. అయితే మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు ఉన్నవారికి ఇబుప్రోఫెన్ పనికిరాదు. అది డాక్టరు నిర్ణయించాలి.

ఈ మందులను నొప్పి ముదిరాక కాకుండా, గడియారం చూసి వేళకు ఇవ్వాలి. ఆపరేషన్ సమయంలో నడుము దగ్గర ఇచ్చే మత్తు ఇంజెక్షన్‌లో మిల్లీగ్రాములో పదోవంతు మార్ఫిన్ కలిపితే చాలు, దాదాపు ఒక రోజు ఉపశమనం ఉంటుంది. వెన్నుపాము చుట్టూ ఉన్న ద్రవంలోకే మందు చేరడం దీనికి కారణం. అప్పుడు శ్వాసను గమనిస్తూ ఉండాలి. అది వీలుకానప్పుడు పొట్ట గోడలోని నరాల దగ్గర మత్తు ఇవ్వవచ్చు. ఇవన్నీ చాలకపోతేనే ఓపియాయిడ్ మాత్ర, అదీ తక్కువ మోతాదులో, కొద్దిరోజులే.

"ఆడపిల్లవు, ఓర్చుకో" అనడం మన ఇళ్ళలో మామూలు. నొప్పితో ఉన్న తల్లి లేచి నడవలేదు, బిడ్డను ఎత్తుకుని పాలివ్వలేదు. కదలకపోతే కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదమూ ఉంది. మత్తుమందు తగ్గించడమంటే నొప్పిని వదిలేయడం కాదు. మీ అక్కయ్యో, వదినో కాన్పై ఇంటికి వస్తే, వేళకు మాత్ర అందించండి. నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి.