కారును దించుట – కాయిలోవరు కిట్టు నెన్నుకొనుట
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉక్కుతో పరిచయము లేని కుటుంబము భిలాయిలో అరుదు. 1955 లో సోవియట్ ప్రభుత్వముతో కుదిరిన ఒప్పందము వలన వెలసిన కర్మాగారములో తొలి బ్లాస్టు ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ప్రారంభించిరి. ఉక్కు ఎంత బరువును మోయునో, ఎంత అణగి మరల లేచునో ఇచటివారికి వేరుగా చెప్పనక్కరలేదు. కారు క్రింది స్ప్రింగును ఆ ఉక్కే. కావున ఆ స్ప్రింగును మార్చి కారును నేలకు దగ్గరగా దించవలెనను నేటి యువకుల ముచ్చటను గూర్చి ఈ సభలో ఆలోచించుట అసందర్భము కాదు.

కాయిలోవరు అనగా షాక్ అబ్జార్బరును, దాని చుట్టును స్ప్రింగును కూర్చిన ఒకే కట్టు. నేటి చిన్న కార్ల ముందు చక్రములకు సాధారణముగా నుండు మాక్‌ఫెర్సన్ స్ట్రట్టు దీనికి దగ్గరి చుట్టము. బజారులో అమ్ము కిట్టునకు గొట్టముపై మర చుట్లుండును. వలయమును త్రిప్పినచో కారు లేచును, లేదా దిగును.

కొనువాడు తొలుత అడుగు ప్రశ్న: “ఎన్ని అంగుళములు దిగును?” అడుగవలసినది అది కాదు. “దిగిన పిమ్మట చక్రము పైకి కదలుటకు ఎంత చోటు మిగులును?” అని అడుగవలెను. ఒక చక్రముపై 250 కిలోల బరువు పడుచున్నదనుకొందము. మిల్లీమీటరునకు 2.5 కిలోల గట్టిదనము గల స్ప్రింగు 100 మి.మీ. అణగును, 5 కిలోలదైనచో 50 మి.మీ. మాత్రమే. నలుగురు ఎక్కగా చక్రమునకు మరి 50 కిలోలు పడినప్పుడు మొదటిది 20, రెండవది 10 మి.మీ. దిగును. చోటు తగ్గినకొలది స్ప్రింగు గట్టిదై యుండక తప్పదు. ఆ గట్టిదనము చాలనిచో గుంత తగిలినంతనే కదలిక ముగిసి రబ్బరు అడ్డు మోదుకొనును. ఆ దెబ్బను పిమ్మట భరించునవి కారు చట్రము, కూర్చున్నవారి వెన్నెముక.

కిట్టులను పోల్చునపుడు మూడు విషయములు చూడవలెను. మొదటిది, ఎత్తు మార్చు పద్ధతి. కొన్నింటిలో స్ప్రింగు క్రింది వలయము మాత్రమే కదలును. కారును దించినకొలది షాకు లోపలి కదలిక తగ్గును. మరికొన్నింటిలో అడుగు భాగమునకు వేరుగా మరలుండుటచే ఆ నష్టము లేదు. జపానుకు చెందిన టైన్ వారి ఫ్లెక్స్ జెడ్, తైవానుకు చెందిన బి.సి. రేసింగు వారి బి.ఆర్. ఈ రెండవ తరగతివి. రెండవది, షాకు నిగ్రహము. జర్మనీకి చెందిన కె.డబ్ల్యు. వారి వేరియంట్ 1 లో అది కర్మాగారమునందే స్థిరపరుపబడును. 2 లో లేచు వేగమును, 3 లో లేచు వేగమును అణగు వేగమును వేరువేరుగా దిద్దుకొనవచ్చును. దిద్దుట తెలియనివానికి మొదటిదే మేలు. మూడవది, తుప్పు, మరమ్మతు. వానకాలపు బురద మరలలో చేరి వలయము బిగుసుకొనిపోవును. స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టమునకు ఈ బాధ తక్కువ. నూనె కారిన షాకును విప్పి బాగుచేయ వీలున్నదా, విడిగా క్రొత్తది దొరకునా యని ముందే విచారింపవలెను.

ఇక దారిని చూతము. హథ్‌ఖోజ్ పారిశ్రామిక వాడలో తిరుగునవి భారీ లారీలు. అట్టి బరువు నడచుచోట గుంతలు, స్పీడు బ్రేకర్లు సహజము. భారతీయ రోడ్ల కాంగ్రెసు నమూనా గుట్ట 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. అంత వెడల్పైన దానిపైకి చక్రములును ఎక్కును గనుక కారడుగు సులభముగా తగులదు. అదే ఎత్తున ఇరుకుగా పోసిన గుట్ట చక్రముల నడుమకు వచ్చినపుడు పూర్తి 100 మి.మీ. లెక్కకు వచ్చును. నేలకు 165 మి.మీ. ఎడము గల కారును 40 దించినచో మిగులునది 125. నలుగురెక్కి 10 దిగినచో 115. గుట్టకును కారడుగునకును నడుమ నున్నది 15 మి.మీ.! బండి ఊగినచో అదియు లేదు.

ప్రభుత్వోద్యోగుల ఇండ్లలో చట్టమును మరువరాదు. తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చుటను 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని గట్టిగా సమర్థించినది. ఆ యేటి సవరణ ననుసరించి, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు మాసముల వరకు కారాగారము గాని, మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. జర్మనీలో ధ్రువపత్రము గల కిట్టును బిగించినవారు పరీక్షకునికి కారును చూపి అనుమతి పొందుదురు. అచట నివసించు మన యువకులకు ఆ త్రోవ కలదు.

భిలాయిలో కుటుంబమును మోయు కారునకు తయారీదారు కొలతయే శ్రేయస్కరము. షాకులు అరిగినచో అదే కొలతవి క్రొత్తవి వేయించిన చాలును. కిట్టుపై మనసున్నవారు కోయంబత్తూరులోని కారి స్పీడ్‌వే వంటి పందెపు బాటకై వేరొక కారును సిద్ధపరచుకొందురు గాక. తల్లిదండ్రులారా! మీ పిల్లల ముచ్చటను తూలనాడక, వారితో కూర్చుండి పై లెక్కను ఒకమారు కాగితముపై వేయించుడు. ఉక్కు నగరపు బిడ్డలకు ఆ లెక్క అర్థము కాకపోదు.